మనోవర్తి బాకీ

భర్త నుండి విడిపోయిన భార్యకు అతడు నెలనెలకు చెల్లింపవలసిన ద్రవ్యమునకు మన పెద్దలు మనోవర్తి యని పేరుపెట్టిరి. నేటి కోర్టు కాగితములలో దానినే భరణమనియు, జీవనభృతి యనియు వ్రాయుచున్నారు. పేరేదియైనను వస్తువొక్కటియే. ఈ వస్తువును గుఱించి కర్నూలు, కడప సీమలలో వేరూనియున్న యొక దురభిప్రాయమును ఈ వారము విమర్శింప నుద్దేశించితిమి. మనోవర్తి యనగా మగవాడు దయదలచి వేయు ముష్టి యనియు, దానికై స్త్రీ కోర్టు మెట్లెక్కుట పుట్టినింటికిని మెట్టినింటికిని తలవంపు అనియు తలచువారు పల్లెలలోనే కాక పట్టణములలో పట్టభద్రుల యిండ్లలోను గలరు. మా అభిప్రాయము వేఱు. మనోవర్తి బాకీ. పత్రము వ్రాసియిచ్చి పుచ్చుకొన్న యప్పు ఎట్టి బాకీయో ఇదియు నట్టి బాకీయే. ఒక విషయమున అంతకంటె గట్టిది కూడ. ప్రామిసరీ నోటు ఎగవేసినవాడు సివిలు కోర్టు వాయిదాలతో ఏండ్లకేండ్లు గడుపగలడు. మనోవర్తి ఎగవేసినవానిని మేజిస్ట్రేటు చెఱసాలకు పంపగలడు.

కర్నూలు-కడప కాలువ క్రింద భూమి గలవారికి మేము చెప్పునది సులభముగా బోధపడును. కాలువలో తన వంతు నీరు వచ్చు దినమున రైతు ఎవరికిని దండము పెట్టడు. నీరు రాకున్న లష్కరును అడుగును, ఇంజనీరును నిలదీయును, అవసరమైన పదిమందిని కూడగట్టుకొని ఆఫీసు ముందు కూర్చుండును. అది తన వంతు గనుక అతనికి సంకోచముండదు. ఊరివారును అతనిని తప్పుపట్టరు. కాపురములో ఏండ్ల తరబడి వండి, వార్చి, పొలములో కలుపు తీసి, బిడ్డలను కని పెంచిన స్త్రీ తన వంతును అడిగినపుడు మాత్రము మనము ఆమెను బిచ్చగత్తెను చూచినట్లు చూచుచున్నాము. ఇది యెక్కడి న్యాయము?

ఈ హక్కు నిన్నమొన్న పుట్టినది కాదు. భార్యను పోషించుట భర్తకు ఆస్తి యున్నను లేకున్నను తప్పని విధి యని హిందూ ధర్మశాస్త్రము పూర్వమే నిర్ణయించినది. ఆంగ్ల ప్రభుత్వమువారి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 488వ సెక్షనులో, మతభేదము లేకుండ, నిరాదరణకు గుఱియైన ఏ భార్యయైనను మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చునని వ్రాసిరి. కాని నెలకు 50 రూపాయలకు మించి ఇప్పింపరాదని గీటు గీచిరి. ఆ గీటు 1923లో 100 రూపాయలకును, 1955లో 500 రూపాయలకును జరిగినది. 1973 నాటి కొత్త కోడు 488వ సెక్షనును 125వ సెక్షనుగా మార్చి, విడాకులు పొందిన స్త్రీ మఱల వివాహమాడనంతవఱకు ఈ సెక్షను క్రింద ఆమెయు భార్యయే యని స్పష్టపఱచినది. ఇది గొప్ప మేలు. అయినను 500 రూపాయల గీటును మాత్రము ఎవరును ముట్టలేదు. 1955 నాటి గీటు 2001 సెప్టెంబరు వఱకు నిలిచియుండెను! ఈ 46 సంవత్సరములలో జొన్నల ధర ఎన్ని రెట్లు పెరిగినదో, గుడ్డల ధర ఎన్ని రెట్లు పెరిగినదో ప్రతి గృహిణియు నెఱుగును. శాసనకర్తలకు మాత్రము తెలియకపోయెను. 2001లో ఆ గీటును చెఱపివేసిరి. 2024 జూలై 1 నుండి ఆ కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. 125వ సెక్షను 144వ సెక్షనైనది. సంఖ్య మాఱినది, సారము మాఱలేదు.

ఇది గాక హిందువులకు వేఱు మార్గములును గలవు. మదరాసు రాజధానిలో, అనగా నాటి మన రెండు జిల్లాలలో కూడ, 1949 శాసనము వచ్చువఱకు హిందూ పురుషుడు ఒక భార్య యుండగా మఱియొకతెను పెండ్లాడుటకు చట్టమడ్డు రాలేదు. అట్టి సవతిపోరు పడలేని స్త్రీలు వేఱుగా నుండి మనోవర్తి పొందుటకు 1946లో ప్రత్యేక శాసనము చేసిరి. 1955 నాటి హిందూ వివాహ చట్టము 24వ సెక్షను వ్యాజ్యము నడచుచుండగా మధ్యంతర మనోవర్తిని, 25వ సెక్షను డిక్రీ నాడు గాని ఆ పిమ్మట గాని శాశ్వత మనోవర్తిని ఇప్పించును. 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టము 18వ సెక్షను విడాకులు లేకయే వేఱుగా నుండి పోషణము కోరు హక్కునిచ్చును. 2005 నాటి గృహహింస నిరోధ చట్టము నివాసమును, ధనసహాయమును రెంటిని ఇప్పించును. మన తెలుగుదేశపు వ్యాజ్యమే యైన తులశమ్మ, శేషారెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1977లో విధవ మనోవర్తిని గుఱించి విచారించుచు, హిందూ స్త్రీ పోషణ హక్కు లాంఛనము గాని అనుగ్రహము గాని కాదనియు, ఆస్తిని అంటియుండు దృఢమైన హక్కనియు తేల్చినది. మనోవర్తికి బదులుగా ఆమె చేతికి వచ్చిన భూమి ఆమెకు సంపూర్ణ స్వాస్థ్యమైనది. ఇంత చట్టముండగా మన సీమలో స్త్రీలకు మనోవర్తి ఏల అందుటలేదు? భర్తలు చెప్పు సాకులను మనము చెల్లనిచ్చుచున్నాము గనుక. ఆ సాకులు ముఖ్యముగా నాలుగు. ఒక్కొక్కదానిని పరీక్షింతము.

మొదటి సాకు: "రమ్మనుడు, వచ్చి కాపురము చేయుమనుడు. వద్దన్నదెవరు?" పంచాయితీలో ఈ మాట పలుకగానే పెద్దమనుషులు తలలూపుదురు. పిలిచినవాడు మంచివాడు, రానిది గయ్యాళి యని తీర్పు ముగియును. ఎందుకు రాకున్నదో అడుగువారుండరు. ఈ పిలుపులో రెండు జాతులున్నవి. పశ్చాత్తాపముతో పిలుచువాడు ఒకడు. మనోవర్తి నోటీసు చేరిన మఱునాడు వకీలు చేత పిలిపించువాడు మఱియొకడు. రెండవవాని చేతి ఆయుధమునకు దాంపత్య హక్కుల పునరుద్ధరణ యని పేరు. ఇది మన శాస్త్రములలోనిది కాదు. ఇంగ్లండు మతన్యాయస్థానములలో పుట్టి, ఆంగ్లేయుల కోర్టుల ద్వారా మన నెత్తికెక్కినది. కన్నదేశమే దీనిని 1970లో రద్దు చేసికొన్నది. మనము హిందూ వివాహ చట్టము 9వ సెక్షనులో దాచుకొన్నాము.

ఈ సెక్షను తొలి పరాభవము పొందినది మన కడప వ్యాజ్యములోనే యని పాఠకులలో చాలమందికి తెలియదు. సినిమా నటి సరిత తన వద్దకు వచ్చి కాపురము చేయునట్లు ఉత్తరువీయవలసినదని ఆమె భర్త కడప సబ్ కోర్టులో పిటిషను పెట్టెను. ఆ వ్యాజ్యము హైకోర్టుకు పోగా, 1983లో జస్టిస్ పి. ఎ. చౌదరిగారు, ఇష్టము లేని స్త్రీ దేహమును కోర్టు ఉత్తరువుతో భర్తకు అప్పగించుట రాజ్యాంగమునకు విరుద్ధమని 9వ సెక్షనునే కొట్టివేసిరి. మఱుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు వేఱొక కేసులో ఆ తీర్పుతో ఏకీభవింపక సెక్షనును నిలిపినది. కావున అది నేటికిని చట్టములో నున్నది. అయినను దాని కోర ఊడినది. జార్ఖండు నుండి వచ్చిన యొక వ్యాజ్యములో 2025 జనవరి 10వ తేదీన సుప్రీంకోర్టు, భర్త అట్టి డిక్రీ తెచ్చుకొన్నంత మాత్రమున భార్య మనోవర్తి పోదనియు, ఆమె రాకపోవుటకు తగిన కారణము ఉన్నదా లేదా యని విచారింపవలసినదే యనియు చెప్పి, నెలకు 10,000 రూపాయలు ఇప్పించినది. భర్త రమ్మన్నను ఆమె నిరాకరణమునకు గల కారణమును మేజిస్ట్రేటు పరిశీలించి మనోవర్తి ఇప్పింపవచ్చునని అసలు సెక్షనులోనే యున్నది. అతడు వేఱొక స్త్రీని పెండ్లాడినను, ఉంచుకొన్నను, అదియే చాలిన కారణమని 1949 నుండియు చట్టము చెప్పుచున్నది. పంచాయితీ పెద్దలకు ఈ సంగతులు తెలియవు. తెలిసిన వకీళ్ళు చెప్పరు.

రెండవ సాకు: "కఱవు. వాన లేదు, పంట లేదు, నేనెక్కడినుండి తెత్తును?" ఈ సాకు వినినపుడు మన గుండె కరుగును. ఏలయన కఱవు మన సీమకు చుట్టము. ఆలూరు, పత్తికొండ ప్రాంతపు ఎఱ్ఱనేలలో వేరుసెనగ ఎండిపోవుట మేము కండ్లార చూచినదే. ఆదోని, కోసిగి పల్లెలు సుగ్గికి లేచి, ఇండ్లకు తాళములు వేసి గుంటూరు మిరపచేలకు పోవుట సంవత్సర సంవత్సరము చూచుచున్నదే. కాని మేమొక ప్రశ్న అడిగెదము. కఱవు మగవానికి మాత్రమే వచ్చునా? పుట్టింటి వసారాలో ఇద్దఱు బిడ్డలతో పడియున్న ఆమె పొయ్యికి కఱవు లేదా? ఆ బిడ్డల ఆకలి వానను చూచి ఆగునా? ఇద్దఱికిని కఱవే యైనపుడు ఉన్న గంజిని పంచుకొనవలెను గాని, ఒకరు త్రాగి ఒకరు పస్తుండుట ధర్మము కాదు. దేహదార్ఢ్యము గల భర్త శరీరకష్టము చేసియైనను భార్యాబిడ్డలను పోషింపవలసినదే యని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది. మొత్తమును ఆదాయమునకు తగినట్లు తగ్గించుకొనుడనుట న్యాయమైన వాదము. ఆ కష్టమును ఋజువు చేసిన కోర్టు వినును. అసలే ఈయననుట వాదము కాదు, ఎగవేత.

ఇంతకును ఈ సాకు చెప్పువారందఱును కఱవు బాధితులు కారు. పులివెందుల వైపు చీనీతోటలున్నవాడును కఱవే యనును. బెంగుళూరులో మేస్త్రీపని చేసి రోజుకూలి నగదుగా పుచ్చుకొనువాడు తనకు జీతపు కాగితమే లేదు గనుక ఆదాయమే లేదనును. రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండి కువైటునకు పోయినవాడు ఊరిలో రెండంతస్తుల మేడ కట్టించి, అది తండ్రి పేరనున్నదని కోర్టులో వ్రాతమూలకముగా చెప్పించును. వ్యాజ్యము వచ్చునని పసిగట్టి పొలమును తమ్ముని పేర వ్రాసినవారెందఱు లేరు? వీరికి చట్టము బదులు చెప్పియే యున్నది. భార్యాభర్తలిద్దఱును తమ ఆస్తులను, అప్పులను, ఆదాయ వ్యయములను అఫిడవిట్టులో దాఖలు చేయవలెనని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4వ తేదీన రజనీశ్, నేహ కేసులో దేశమునకెల్ల నియమము చేసినది. ఆ అఫిడవిట్టులో అబద్ధమాడినవాడు శిక్షకు పాత్రుడు. మనోవర్తి ఎగవేయుటకై ఉచితముగా బంధువుల పేర వ్రాసిన భూమిని కూడ ఆ బాకీ వెంటాడగలదు. సివిలు కోర్టు డిక్రీలో మనోవర్తిని భూమిపై భారముగా నిలుపుమని కోరవచ్చును. కువైటులోని యజమానిని మన వారంటు అందుకొనలేకపోవచ్చును; అతని పేర ఊరిలోనున్న మేడను అందుకొనగలదు.

మూడవ సాకు: "ఆమె కూలికి పోవుచున్నది గదా, నేనెందుకు పెట్టవలెను?" దీనికంటె సిగ్గుమాలిన మాట లేదు. వాడు పెట్టలేదు గనుక ఆమె కూలికి పోయినది. కూలికి పోయినది గనుక వాడు పెట్టనక్కఱలేదట! గొడ్డును కట్టివేసి మేత మాన్పి, అది త్రాడు తెంపుకొని బీటిలో గడ్డి కొఱికినంతనే దానికి మేత అక్కఱలేదన్నట్లున్నది. తన్ను తాను పోషించుకొనలేనిది యనగా బొత్తిగా నిరాధారయై వీథిని పడినదని అర్థము కాదనియు, భర్త యింట నున్నపుడు ఆమె బ్రదుకు ఏ స్థాయిలో నుండెనో దానిని చూడవలెననియు సుప్రీంకోర్టు 2007లో విశదపఱచినది. ఆమె సంపాదనను లెక్కలోనికి తీసికొందురు, మొత్తమును తగ్గింతురు. అంతియేగాని కలుపుకూలి చేసినంత మాత్రమున ఆమె హక్కు చావదు. చదువుకొన్నది గదా యను వాదమునకును ఇదే బదులు. సంపాదింపగలుగుట వేఱు, సంపాదించుట వేఱు. పది సంవత్సరములు వంటయింట కూర్చుండబెట్టి, ఒకనాటి యుదయమున బి.ఎ. పట్టము చూపి పొమ్మనుట ఎట్టి మర్యాద?

నాలుగవ సాకు అన్నిటికంటె ప్రమాదమైనది: "పెద్దల సమక్షమున తెగిపోయినది. ఇచ్చినది పుచ్చుకొని చెల్లుచీటి వ్రాసియిచ్చినది." మన సీమలో కాపురములు తెగునది కోర్టులలో కాదు, రచ్చకట్టల మీద. స్టాంపు కాగితము తెచ్చి, వ్రాయసగాని చేత నాలుగు పంక్తులు వ్రాయించి, ఏకమొత్తముగా కొంత పైకము లెక్కపెట్టి, ఇకమీదట మనోవర్తి గాని మఱియే హక్కు గాని లేదని ఆమె చేత వ్రేలిముద్ర వేయింతురు. ఆ పైకము పుట్టింటివారి అప్పులకు పోవును. ఆమెకు మిగులునది కాగితపు నకలు. ఆ కాగితమును చూపి తరువాత జీవితాంతము ఆమె నోరు మూయింతురు. పాఠకులు ఈ సంగతి నిశ్చయముగా తెలిసికొనవలెను. హక్కును ముందుగా వదలుకొను ఒప్పందము కోర్టును బంధింపదు. మన పొరుగున కర్ణాటకమున ఒక స్త్రీ 8,000 రూపాయలు పుచ్చుకొని ఇక అడుగనని కోర్టులోనే రాజీ దాఖలు చేసెను. ఆ పిమ్మట ఆమె సివిలు కోర్టులో మనోవర్తి దావా వేయగా, ఆ రాజీ ఆమెకు అడ్డుకాదని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. ఉభయుల సమ్మతితో విడాకులు పొందినవారి విషయమునను, సమ్మతితో వేఱుగా నుండుట వేఱు, సమ్మతితో విడాకులు పొందుట వేఱు అని 1995లోనే తేలినది. కోర్టులో జరిగిన రాజీకే ఇంత మాత్రపు బలముండగా, రచ్చకట్ట కాగితమునకు బలమెక్కడిది?

పెద్దమనుషులను మేము నిందించుటలేదు. పరువు గల పెద్దలు సగము రాత్రి మేల్కొని తగవు తీర్చిన సందర్భములు గలవు. వారు కాపురమును నిలుపుడు, మేము నమస్కరింతుము. నిలువని కాపురమును తెంపునపుడు స్త్రీ హక్కును కూడ తెంపు అధికారము వారికి ఎవరిచ్చిరి?

ఈ సందర్భమున మహమ్మదీయ సోదరీమణులను గుఱించి చెప్పక విడువరాదు. కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, ఆదోని పట్టణములలో వారి సంఖ్య స్వల్పము కాదు. ఇద్దతు గడువు మూడు నెలలు గడచిన పిమ్మట భర్తకు బాధ్యత లేదను మాట ఇప్పటికిని వారి చెవులలో మ్రోగుచున్నది. దీని చరిత్ర తెలిసికొనదగినది. ఇండోరు నగరమున షాబానో యను వృద్ధురాలిని న్యాయవాది యైన ఆమె భర్త 1975లో ఇల్లు వెడలగొట్టెను. 1978లో తలాకు చెప్పెను. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలిప్పించెను. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసెను. ఇంతటి స్వల్పమునకు ఆ న్యాయవాది సుప్రీంకోర్టు వఱకు పోయి 1985లో ఓడిపోయెను. పిమ్మట చెలరేగిన కలకలములో 1986లో పార్లమెంటు వేఱొక చట్టము చేసినది. ఆ చట్టమునకే సుప్రీంకోర్టు 2001లో, ఇద్దతు కాలములోపల ఈయవలసినది మూడు నెలల గ్రాసము కాదు, ఆమె భవిష్యజ్జీవితమునకు చాలు న్యాయమైన ఏర్పాటు అని అర్థము చెప్పినది. తుదకు మన పొరుగు తెలంగాణము నుండి పోయిన అబ్దుల్ సమద్ కేసులో 2024 జూలై 10వ తేదీన, విడాకులు పొందిన ముస్లిము స్త్రీ కూడ 125వ సెక్షను క్రింద మనోవర్తి కోరవచ్చునని జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ గార్లు సందేహమునకు తావు లేకుండ తీర్పు చెప్పిరి. ఆకలికి మతము లేదు. 144వ సెక్షనుకును లేదు.

ఇక బాకీ రాబట్టు విధానము. పిటిషను వేయుటకు భర్త యున్న బెంగుళూరు పోనక్కఱలేదు. స్త్రీ తాను నివసించుచోటనే, ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అందును, లేనిచోట మొదటి తరగతి మేజిస్ట్రేటు ఎదుటను వేయవచ్చును. ప్రధాన పిటిషనుతోపాటు ఆ దినముననే మధ్యంతర మనోవర్తి పిటిషను వేయవలెను. భర్తకు నోటీసు చేరిన 60 దినములలోపల సాధ్యమైనంతవఱకు దానిని తీర్మానింపవలెనని చట్టము చెప్పుచున్నది. మనోవర్తి పిటిషను వేసిన తేదీ నుండియే ఇప్పింపవలెనని 2020 తీర్పు చెప్పినది. కాబట్టి వాయిదాలు లాగిన భర్తకు లాభము లేదు, బాకీ పెరుగుట తప్ప. ఉత్తరువు తరువాతను చెల్లింపనిచో వారంటు కోరవలెను. ప్రభుత్వము శిస్తు బకాయిలను ఎట్లు జప్తు చేసి వసూలు చేయునో ఆ రీతినే కలెక్టరు ద్వారా వసూలు చేయింపవచ్చును. అప్పటికిని చెల్లనిచో ఒక్కొక్క నెల బాకీకి ఒక నెల వఱకు చెఱసాల గలదు. చెఱసాలకు పోయి వచ్చితిని గనుక బాకీ తీఱినదనుట చెల్లదని సుప్రీంకోర్టు మూడు దశాబ్దములకు పూర్వమే చెప్పినది. శిక్ష వసూలుకు సాధనము మాత్రమే. ఒక్క జాగ్రత్త ముఖ్యము: బాకీ పడిన తేదీ నుండి సంవత్సరములోపల వారంటుకు దరఖాస్తు పెట్టవలెను. రేపు మాపు అని సంవత్సరము దాటనిచ్చి, ఈ మార్గమున వసూలు చేసికొను అవకాశమును పోగొట్టుకొన్న స్త్రీలు పలువురు గలరు.

వకీలు ఫీజునకు పైకము లేదను భయమును వలదు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కర్నూలులోను కడపలోను కోర్టు ఆవరణములలోనే యున్నది. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

మా వాదమును ఆక్షేపించువారు గలరని యెఱుగుదుము. భార్యలు చట్టమును దుర్వినియోగము చేయుచున్నారనియు, కోట్ల రూపాయలు అడుగుచున్నారనియు, భర్తలు చితికిపోవుచున్నారనియు నగరముల నుండి మొఱ వినబడుచున్నది. అందు కొంత నిజము లేకపోలేదు. అన్యాయముగా అడుగువారిని కోర్టు త్రోసిపుచ్చవలసినదే. మనోవర్తి భర్త సంపదతో భార్యను సమానస్థురాలిని చేయుటకు ఏర్పడినది కాదని సుప్రీంకోర్టే 2024 డిసెంబరులో చెప్పినది. ఆస్తులు దాచిన స్త్రీయు అఫిడవిట్టుకు బద్ధురాలే. హిందూ వివాహ చట్టము క్రింద నిరాధారుడైన భర్తయు భార్య నుండి మనోవర్తి కోరవచ్చును. తగిన కారణము లేక కాపురమునకు రానిదానికి, వ్యభిచార జీవనము గడుపుదానికి 144వ సెక్షను ఆదరణ లేదు. ఇన్ని కట్టుబాట్లుండగా ఇంకను మొఱపెట్టువారిని మేమడిగెదము: నగరపు కోటీశ్వరుల తగవును చూపి కోసిగి కూలిదాని పిడికెడు జొన్నలను లాగికొందురా? దొంగనోటు పుట్టించినవాడొకడున్నాడని అప్పులన్నిటిని రద్దు చేయమను ఋణగ్రస్తుని వాదము మీరు విందురా?

కావున మేము కోరునది ఏమనగా, పంచాయితీ పెద్దలు ఇకమీదట మనోవర్తి చెల్లుచీటి మీద సాక్షి సంతకము చేయకుందురు గాక. తోటి న్యాయవాదులు మధ్యంతర పిటిషను లేకుండ మనోవర్తి పిటిషను దాఖలు చేయకుందురు గాక. భర్త పక్షమున నిలిచినవారు వాయిదాలనే వాదముగా భావింపకుందురు గాక. వారంటు చేత బట్టుకొని "ఊరిలో లేడు" అని వెనుకకు వ్రాయు పోలీసువారు, అదే మనిషి సంతలోను తిరునాళ్ళలోను కనబడుచున్నాడని ఊరంతయు నెఱుగునని జ్ఞాపకముంచుకొందురు గాక. పుట్టింటి అన్నదమ్ములు చెల్లెలు కోర్టుకు పోవుటను తలవంపుగా తలపకుందురు గాక. ఆమె పస్తుండుటయే నిజమైన తలవంపు.

తుదిమాట భర్తలకు. కాపురము నిలువకపోవచ్చును. అందు తప్పు మీదే కావచ్చును, ఆమెదే కావచ్చును, ఇద్దఱిదియు కావచ్చును. దానిని తేల్చుకొనుటకు కోర్టులున్నవి, కాలమున్నది. బిడ్డల ఆకలికి ఆ కాలము లేదు. అంగడి బాకీ, విత్తనాల బాకీ, బ్యాంకు బాకీ తీర్చనివానిని ఊరు నమ్మదు. వానికి మఱల అప్పు పుట్టదు. మనోవర్తి ఎగవేసినవానిని మాత్రము ఇదే ఊరు మగవాడని మెచ్చుచున్నది. ఆ మెప్పు పోవుదినమున మనోవర్తి పిటిషనులలో సగము కోర్టుకు రాకయే తీఱిపోవును.